పచ్చగన్నేరు: పశువులకును, పిల్లలకును విషము

గుడుల వద్దను, దొడ్ల కంచెల వెంబడిని పచ్చగన్నేరు విరివిగా కనబడును. ఇది మన దేశపు మొక్క కాదు. దీని జన్మస్థానము మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతములు. ఎండను, నీటి ఎద్దడిని ఓర్చుకొని గంటల వంటి పసుపుపచ్చని పూలు పూయును. పశువులు సాధారణముగా దీని పచ్చి ఆకును తినవు గనుక రైతులు కంచెకు నాటుచున్నారు.

అయితే దీని ప్రతి భాగమందును, కోసినపుడు కారు పాలయందును విషము కలదు. కాయ టెంకలోని గింజలందు అది మిక్కుటము. ఈ విషము గుండెపై పనిచేయును. మనుష్యులకు మొదట వాంతులగును. పిదప నాడి మందగించి, లయ తప్పి, ప్రాణము పోవచ్చును.

ఆకులు ఎండినను విషము పోదు. కత్తిరించిన కొమ్మలు గడ్డిలో పడినచో పశువులు మేతతో కలిపి తినివేయును. అసలు ప్రమాదము ఇదియే.

రైతులు పాటించవలసినవి:

1. కత్తిరించిన కొమ్మలను వెంటనే లోతైన గోతిలో పూడ్చవలెను.

2. పశువుల పాక, నీళ్ల తొట్టి, గడ్డివాము దగ్గర ఈ మొక్కను నాటరాదు.

3. రాలిన కాయలను పిల్లల చేతికి అందనీయక ఏరివేయవలెను.

4. ఎవరైన గింజ తిన్నచో నాటువైద్యముతో కాలయాపన చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. పశువు తిన్నచో పశువైద్యుని పిలువవలెను. తిన్న ఆకునో, కాయనో వైద్యునికి చూపుట మేలు.