బోడో బురదలో చమురు జిడ్డు

కథలు రాసుకునే నాలాంటివాళ్లకి ఒగోనీ అన్న పేరు కెన్ సారో-వివా వల్లే తెలిసింది. నైజీరియాలో తమ నేలనీ, నీళ్లనీ చమురు పాడుచేస్తోందని గొంతెత్తిన ఆ రచయితని 1995 నవంబర్‌లో ఉరి తీశారు. బోడో ఆ ఒగోనీ సీమలోని ఊరే. సముద్రపు పోటు లోపలికి వచ్చే పాయలూ, వాటి ఒడ్డున మడ అడవులూ... మన కోరింగ చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. నీరు తీసినప్పుడు ఆడవాళ్లు బురదలోకి దిగి నత్తగుల్లలు ఏరుకొచ్చేవారు. పైసా ఖర్చు లేని కూర!

2008లో అక్కడ షెల్ కంపెనీ పైపులైను రెండుసార్లు చెడి, వారాల తరబడి చమురు కారింది. రెండూ కలిపి సుమారు 4,000 పీపాలని కంపెనీ మొదట చెప్పిన లెక్క. లండన్ కోర్టులో దావా పడ్డాక అంతకంటే ఎక్కువేనని ఒప్పుకుంది. 2015లో 5.5 కోట్ల పౌండ్లకి రాజీ కుదిరింది. అందులో 3.5 కోట్లు 15,600 మందికి పంచితే మనిషికి 2,200 చిల్లర. మిగతాది ఊరికి. డబ్బొచ్చింది సరే, కూరలోకి నత్తలు రావాలిగా?

మూకుడు తోమే మనకి తెలియనిదా, జిడ్డు ఒకపట్టాన వదలదు. బురదలో అయితే మరీ మొండి. మడచెట్టు గాలి పీల్చేది బయటికి కనబడే వేళ్ల మీది సన్నని రంధ్రాల్లోంచి. వాటికి చమురు పూస్తే ముక్కు మూసినట్టే. పైగా అది పీత బొరియల్లోంచి లోపలికి దిగుతుంది. అక్కడ గాలి ఆడదు కనుక ఏళ్లు గడిచినా హరించదు.

అందుకే ముందు లెక్క తీయాలి. ఒడ్డును ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కలో నడిచి, గుంట తవ్వి, చమురు ఎంత లోతు దిగిందో రాసుకుంటారు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం ఒగోనీ సీమంతా తిరిగి 4,000కు పైగా నమూనాలు పరీక్షించింది. కోలుకోడానికి 25 నుంచి 30 ఏళ్లు పట్టొచ్చని 2011లో తేల్చింది. అంటే అప్పుడు పుట్టిన పిల్ల తానే తల్లయ్యేదాకా!

బోడోలో శుభ్రం చేసే పని మొదలైంది 2017లో. నీళ్లు మెల్లగా కొట్టి బురదని కదిలిస్తే చమురు తేలుతుంది. తేలే అడ్డుకట్టలతో దాన్ని ఒకచోటికి చేర్చి తోడేస్తారు. ధార జోరుగా ఉందో, మట్టే కొట్టుకుపోతుంది. ఆ తర్వాతే నాట్లు. ఎర్రమడ విత్తనం చెట్టు మీదుండగానే మొలకెత్తి మునగకాయలా వేలాడుతుంది. దాన్ని సంచీల్లో పెంచి బురదలో నాటుతారు. ఇంతా చేస్తే, పైపులకి కన్నాలేసి చమురు దొంగిలించి, అడవుల్లోనే కాచేవాళ్లు ఆ చుట్టుపక్కల ఉన్నారు. కడిగిన బురదకి మళ్లీ అదే జిడ్డు.

నాటిన రోజు ఫొటోలు బాగానే వస్తాయి లెండి. నాకు కావలసిన లెక్క వేరే. మూడేళ్ల తర్వాత ఎన్ని మొక్కలు బతికాయి? వాటి మొదట్లో పీతలు మళ్లీ బొరియలు చేశాయా? అక్కడ ఏరిన నత్తలు పిల్లలకి వండిపెట్టొచ్చా?