ప్లూటోకి తూకంలో ఎక్కడ తేడా వచ్చింది?

శనివారం వచ్చిందంటే ఆత్రేయపురం మండలం వాడపల్లి దారులన్నీ జనంతో నిండిపోతాయి. గౌతమీ గోదావరి ఒడ్డున వెలసిన వెంకన్నను వరుసగా ఏడు శనివారాలు దర్శించుకుంటామని మొక్కుకున్నవాళ్లే వాళ్లలో ఎక్కువ. కొత్తపేట పక్కన మందపల్లిలో శని త్రయోదశికి తైలాభిషేకాలు జరుగుతాయి. గ్రహాల పేర్లు ఇంతగా నోట్లో నానే సీమలో పిల్లలకి ఒక సందేహం రాక మానదు. గుళ్లో గ్రహాలు తొమ్మిది. బళ్లో ఎనిమిది. అమ్మానాన్నలు చదువుకున్న పుస్తకంలో మళ్లీ తొమ్మిది, కానీ అవి గుళ్లో ఉన్న తొమ్మిదీ కావు. ఇంతకీ ఏది సరైన లెక్క?

ముందు గుడి లెక్క చూద్దాం. రాత్రిపూట కంటికి కనిపించే నక్షత్రాలు ఒకదానికొకటి ఎడం మార్చుకోవు. వాటి మధ్య చోటు మారుతూ పోయేవి మాత్రం ఏడు: సూర్యుడు, చంద్రుడు, బుధుడు, శుక్రుడు, కుజుడు, గురుడు, శని. చంద్రుడి దారి సూర్యుడి దారిని ఖండించే రెండు బిందువులే రాహుకేతువులు. గ్రహణాలు పట్టేది ఆ బిందువుల దగ్గరే కాబట్టి వాటినీ లెక్కలోకి తీసుకున్నారు. కదలికే కొలబద్ద అయినప్పుడు ఈ తొమ్మిది సబబే. ఆ కొలతలు ఎంత నిక్కచ్చివో శనినే చూడండి. ఆకాశంలో ఒక చుట్టు పూర్తిచేయడానికి శనికి దాదాపు 29.5 ఏళ్లు పడుతుంది. దాన్ని 12 రాశులకి పంచితే రాశికి రెండున్నరేళ్లు, మూడు రాశులకి ఏడున్నరేళ్లు. ఏలినాటి శని వ్యవధి ఈ లెక్కలోంచి వచ్చిందే.

సూర్యుడు మధ్యలో ఉంటాడనీ, భూమి ఆయన చుట్టూ తిరుగుతుందనీ తేలాక కొలబద్ద మారింది. ఏది కదులుతోందన్నది కాదు, ఏది దేని చుట్టూ తిరుగుతోందన్నది ముఖ్యమైంది. దాంతో సూర్యచంద్రులు, రాహుకేతువులు జాబితాలోంచి వెళ్లిపోయారు, భూమి వచ్చి చేరింది. ఈ పరిశీలనల్లో మనవాళ్ల చెయ్యి కూడా ఉంది. 1840లో గోడే వెంకట జగ్గారావు విశాఖపట్నంలో సొంత ఖర్చుతో వేధశాల పెట్టారు. 1874 డిసెంబర్ 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా నల్లచుక్కలా దాటిపోవడాన్ని ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు అక్కడి నుంచే పరిశీలించారు. శుక్రుడు మనకీ సూర్యుడికీ మధ్యలో తిరుగుతున్నాడని కంటికి కట్టే దృశ్యం అది.

2006లో గ్రహాల జాబితాలోంచి తీసేసిన ప్లూటో ఒక్కదానికే అన్యాయం జరిగిందని చాలామంది బాధపడతారు. అంతకు రెండు శతాబ్దాల ముందే ఇలాంటి ముచ్చట ఒకటి నడిచింది. 1781లో యురేనస్ దొరికింది. 1801 జనవరి 1న కుజుడికీ గురుడికీ మధ్య సెరిస్ కనబడితే దాన్నీ గ్రహమే అన్నారు. 1807 నాటికి అదే ప్రాంతంలో మరో మూడు దొరికాయి, వాటినీ గ్రహాలే అన్నారు. అలా గ్రహాలు 11 అయ్యాయి. 1845 నుంచి అక్కడ కొత్తవి బయటపడుతూనే ఉండటంతో, ఇవి విడివిడి గ్రహాలు కావు, ఒకే గుంపులోవి అని తేల్చి గ్రహశకలాల కింద వేరుచేశారు. 1846లో దొరికిన నెప్ట్యూన్ మాత్రం గ్రహంగానే నిలిచింది.

1930లో దొరికిన ప్లూటోది కూడా అదే కథ. అది భూమంత ఉంటుందని మొదట అనుకున్నారు. 1978లో దానికొక ఉపగ్రహం కనబడ్డాక అసలు తూకం తెలిసింది: మన చందమామ బరువులో ఐదో వంతు కూడా లేదు. 1992 నుంచి ప్లూటో పరిసరాల్లో మంచుముద్దలు వరసగా దొరకసాగాయి. 2005లో ప్రకటించిన ఎరిస్ అయితే ప్లూటో కంటే 27 శాతం ఎక్కువ బరువు. ప్లూటో గ్రహమైతే ఎరిస్ ఎందుకు కాదు? ఈ ప్రశ్నకి జవాబు చెప్పకుండా ముందుకు వెళ్లే వీలు లేకపోయింది.

2006 ఆగస్టు 24న ప్రాగ్ నగరంలో అంతర్జాతీయ ఖగోళ సంఘం మూడు షరతులు పెట్టింది. సూర్యుడి చుట్టూ తిరగాలి. తన బరువుతో తానే గుండ్రబడాలి. తాను తిరిగే దారిని, అంటే కక్ష్యని, పోటీ లేకుండా ఊడ్చుకోవాలి. మొదటి రెండే నెగ్గితే అది మరుగుజ్జు గ్రహం.

మొదటి షరతు పరిమాణాన్ని పట్టించుకోదు. గురుడి ఉపగ్రహం గనిమీడ్ అడ్డుకొలత 5,268 కిలోమీటర్లు, బుధుడిది 4,880. పెద్దదైనా గనిమీడ్ తిరిగేది గురుడి చుట్టూ కాబట్టి అది ఉపగ్రహమే.

రెండోదానికి గురుత్వాకర్షణే కారణం. వస్తువు తగినంత పెద్దదైతే, దాని ఆకర్షణ ఎత్తుపల్లాల్ని లోపలికి లాగి బంతిలా చేస్తుంది. 940 కిలోమీటర్ల సెరిస్ గుండ్రంగా ఉంది. కుజుడి చుట్టూ తిరిగే 22 కిలోమీటర్ల ఫోబోస్ బంగాళాదుంపలా ఉంది. ప్లూటో 2,377 కిలోమీటర్లు. ఇక్కడిదాకా దానికి ఇబ్బందేమీ లేదు.

తేడా వచ్చింది మూడోదాంట్లో. దీన్ని అంకెల్లోకి తెచ్చినవాడు స్టీవెన్ సోటర్ అనే శాస్త్రవేత్త. ఒక గ్రహం ద్రవ్యరాశిని, అంటే అందులో ఉన్న మొత్తం సరుకుని, అదే దారిలో తిరిగే మిగతావాటన్నిటి మొత్తంతో ఆయన భాగించాడు. ఆ లెక్కని మనం ధాన్యం కాటా మీద పెట్టి చూద్దాం. దారిలోని చిల్లర అంతా కలిపి ఒక గ్రాము, అంటే చిటికెడు గింజలు, అనుకుంటే భూమి 1,700 కిలోలు తూగుతుంది. 75 కిలోల బస్తాల్లో పోస్తే 22 బస్తాలు నిండి ఇంకా మిగులుతుంది. బుధుడు చిన్నవాడైనా 91 కిలోలు తూగుతాడు. నెప్ట్యూన్ 24 కిలోలు. ఇక ప్లూటో సంగతి చూడండి. దాని దారిలోని మిగతా సరుకు ఒక కిలో అనుకుంటే ప్లూటో 77 గ్రాములు. ఎరిస్ 100 గ్రాములు. సెరిస్ 330 గ్రాములు.

నాకు ఈ వ్యవహారం మొత్తంలో ముఖ్యమనిపించేది ఇదే. గ్రహాల అంకెలన్నీ వేలకు పైమాటే. గ్రహాలు కానివాటిలో అన్నిటికంటే ఎక్కువ అంకె 0.33. ఈ రెండిటి మధ్య ఏ గోళమూ లేదు. పొలాన్ని అడ్డంగా కోసి ఇక్కడ గట్టు వేద్దామని శాస్త్రవేత్తలు అనుకోలేదు. గట్టు అక్కడే ఉంది, దానికి పేరు పెట్టారంతే.

అయితే నెప్ట్యూన్ దారిని ప్లూటో దాటుతుంది కదా, నెప్ట్యూన్ మాత్రం దారి ఊడ్చినట్టెలా అని అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. నెప్ట్యూన్ సూర్యుణ్ని చుట్టడానికి దాదాపు 165 ఏళ్లు, ప్లూటోకి 248 ఏళ్లు. 165ని మూడుతో, 248ని రెండుతో హెచ్చించండి: 495, 496. నెప్ట్యూన్ మూడు చుట్లు తిరిగేలోగా ప్లూటో కచ్చితంగా రెండు తిరుగుతుంది. ఆ లయ వల్లే అవి ఎప్పుడూ ఢీకొనవు. నెప్ట్యూన్ బరువు ప్లూటోకి దాదాపు 8,000 రెట్లు కాబట్టి, ఈ తాళం వేస్తున్నది ఎవరో చెప్పక్కర్లేదు. ఊడ్చడమంటే అన్నిటినీ తరిమేయడమే కాదు, మిగిలినవాటిని తన అదుపులో పెట్టుకోవడం కూడా.

ఈ నిర్ణయం అందరికీ నచ్చలేదు. సంఘంలో వేలమంది సభ్యులుంటే ఆ రోజు ఓటేసింది 424 మందేనన్న విమర్శ ఉంది. 2015 జులై 14న న్యూ హొరైజన్స్ నౌక ప్లూటో పక్కనుంచి వెళ్తూ మంచుకొండల చిత్రాలు పంపింది. ఇంత సజీవమైన నేల ఉన్నది గ్రహం ఎందుకు కాదని ఆ యాత్రకి నాయకత్వం వహించిన అలన్ స్టెర్న్ ఇప్పటికీ వాదిస్తారు. ఇంకో లోపమూ ఉంది: ఈ నిర్వచనం సూర్యుడి కుటుంబానికే వర్తిస్తుంది. ఇతర నక్షత్రాల చుట్టూ 6,000కి పైగా గ్రహాలు దొరికాయి, అంత దూరాన అవి గుండ్రంగా ఉన్నాయో లేదో చూసేదెలా? అందుకే 2024లో కొందరు శాస్త్రవేత్తలు బరువునే హద్దుగా పెడదామన్నారు: 1 పక్కన 23 సున్నాలు పెట్టినన్ని కిలోలు దాటితే గ్రహం. బుధుడు అందుకు మూడు రెట్లు పైనే ఉన్నాడు. ప్లూటో దాదాపు ఎనిమిదో వంతు మాత్రమే. ఆ ప్రతిపాదన ఇంకా ఆమోదం పొందలేదు. పొందినా మన ఎనిమిదిలో మార్పుండదు.

మీ ఇంట్లో పిల్లలు ప్లూటోని ఎందుకు తీసేశారని అడిగితే చిన్నది కాబట్టి అని చెప్పి ఊరుకోకండి. కాటా మీద 24 కిలోలకి ఎదురుగా ఒక గ్రాము, 77 గ్రాములకి ఎదురుగా ఒక కిలో పెట్టి చూపించండి.