పెంకలు తీసి స్లాబ్ పోసుడంటే ఒక్క పైకప్పు మార్చుడు కాదు

"పెంకలు తీసేసి స్లాబ్ పోసుకుంటే అయిపోతది." ఊర్లె పాత ఇల్లు ఉన్న ప్రతి కుటుంబంల ఏదో ఒక పండుగకు ఈ మాట లేస్తది. ఎక్కువసార్లు పట్నం నుంచి వచ్చిన కొడుకే అంటడు. తల్లి ఏమనదు, గోడల దిక్కు చూస్తది. వినడానికి అంగీ మార్చుకున్నంత సులువుగ ఉంటది గానీ, మట్టిగోడల ఇంటికి కప్పు మార్చుడంటే ఇంటి లెక్క మొత్తం మార్చుడే. ఎందుకో మా మేనత్తోళ్ల ఇంటి ముచ్చటతోని చెప్తా. జనగామ దిక్కు ఊరు వాళ్లది. ఇదే పని పెట్టుకుందామనుకునే తమ్ముండ్లు, చెల్లెండ్లు ఒక్కసారి చదువుండ్రి.

అది మా మామ వాళ్ల నాయన కట్టిన ఇల్లు. అడుగున్నర మందం మట్టిగోడలు, టేకు దూలాలు, మీద బంగ్ల పెంక. ముందట రెండు అర్రలు, వెనుక వంటిల్లు, దాన్ని ఆనుకొని ఇంకో అర్ర. ఎండాకాలం కరెంటు పోయినా లోపల పండుకోవచ్చు. అసొంటి ఇల్లు మార్చుకోవాలనుకున్నది షోకుకు కాదు. ఒకటి కోతుల బాధ. గుంపు ఇంటిమీదికెళ్లి దుంకి పోతే పది పెంకలన్నా పలుగుతయి. ఒకప్పుడు వానకాలం ముంగట పెంక సదిరేటోళ్లు ఊర్లెనే ఉండేది. ఇప్పుడు ఆ మనిషీ దొరకడు, ఆ పెంకా దొరకదు.

రెండోది సీసీ రోడ్డు. పాత రోడ్డు తవ్వకుండ దానిమీదనే కొత్తది పోస్తరు, పోసినప్పుడల్లా రోడ్డు లేస్తది, ఇల్లు గుంతల పడతది. రెండుసార్లు పోసేవరకు మా అత్తోళ్ల గడప రోడ్డుకంటె అడుగు కిందికి పోయింది. గట్టి వాన పడితే రోడ్డు మీది నీళ్లన్నీ ఇంట్లకే. తవ్వి పొయ్యిమని గ్రామసభల గట్టిగ అడిగినోళ్లను నేనైతే చూడలే. అడగాలె. ఊర్లల్ల ఇండ్లు పాడయ్యే కారణాలల్ల ఇది పెద్దదే, కానీ ఎవ్వరూ దీన్ని ఇంటి ఖర్చుల రాసుకోరు.

పెద్ద బావ హైదరాబాద్‌ల క్యాబ్ నడుపుతడు. ఆయన మాట్లాడుకొచ్చిన మేస్త్రి ఇల్లు చూసి, గోడలు మందమున్నయి, ఇనుప గర్డర్లు ఏసి వీటిమీదనే స్లాబ్ పోద్దామన్నడు. నాలుగు లక్షలల్ల ఒడుస్తదన్నడు. చిన్న బావ బిడ్డ పాలిటెక్నిక్‌ల సివిల్ చదువుతున్నది. ఆ పొల్లనే కాయితం మీద లెక్క తీసింది. ఇది ఎవ్వరైనా చేసుకునే లెక్కనే. సలాకతో కలిపి కాంక్రీటు ఒక ఘనపు మీటరుకు 2,500 కిలోలు పట్టుకోవాలె. ఐదంగుళాల స్లాబ్ అయితే చదరపు అడుగుకు 29 కిలోల పైన. 600 చదరపు అడుగుల ఇంటికి 17 టన్నులు దాటుతది. అంటే ఇసుక నింపిన నాలుగు ట్రాక్టర్ డబ్బాలు ఇంటిమీద నిలవెట్టినట్టు. అదే బంగ్ల పెంక, కింది కట్టెలు కలిపితే చదరపు అడుగుకు ఐదారు కిలోలే. ఒక్కసారిగ ఐదు రెట్ల బరువు. పిట్టగోడ, మీద నీళ్ల ట్యాంకు ఇంకా లెక్కల పట్టలే.

గోడ మందం చూసి మోసపోవద్దు. ఎండిన మట్టిగోడ మంచిగనే బరువు మోస్తది, అందుకే ఇన్నేండ్లు నిలవడ్డది. తడిసిన మట్టిగోడకు ఆ బలం ఉండదు. పైగా పెంకల కప్పుకు ఒక గుణం ఉంటది. గోడ ఒక మూలకు వేలెడు కుంగినా దూలం, వాసం, పెంక దేనికది జరిగి సర్దుకుంటయి. స్లాబ్ ఒకటే పలక. కింద కుంగితే సర్దుకోదు, పలుగుతది.

ఇగ గోడ తడిసిందా ఎండి ఉన్నదా అన్నది అసలు ప్రశ్న. ఊర్లె పాతకాలపు సుతారి ఒకాయన వచ్చి వంటింటి గోడకు కింద గడ్డపార మొన గుచ్చిండు. జోరు చెయ్యకుండనే దిగింది. అడుగెత్తు దాక మట్టి మెత్తబడి ఉన్నది. పైకి చూస్తే గోడ నున్నగ, గట్టిగ కనిపిస్తది, ఎందుకంటే పదేండ్ల కింద దానికి సిమెంటు గిలాబు చేయించిండ్రు. ఆ సిమెంటే గోడను తిన్నది. మట్టిగోడ భూమిలకెళ్లి నెమ్ము గుంజుకుంటది, మళ్ల గాలికి ఇడుస్తది. మట్టి, పెండ, సున్నం పూత ఉన్నప్పుడు ఈ రాకపోకలు నడుస్తయి. సిమెంటు పూస్తే బయటికి తొవ్వ బందవుతది. నీళ్లు లోపల్నే నిలిచి మట్టి నానుతది. కొన్నాళ్లకు గిలాబు పలకలు పలకలుగ ఊడుతది, ఊడినప్పుడు కొంత గోడను కూడ గుంజుకొస్తది. మట్టి ఇంటికి సిమెంటు పూసి గట్టి చేసినమనుకునేటోళ్లు ఊరికి సగం మంది ఉంటరు. గోడ అడుగు ఒక్కసారి గోకి చూడుండ్రి.

ఇక్కడ ఒక మాట పక్కకు చెప్పాలె. మట్టి ఇల్లు చల్లగుంటది, మన సంస్కృతి అని పట్నంల ఏసీ కింద కూసోని రాసేటోళ్లు ఎక్కువైండ్రు. ఏటేటా పండుగ ముంగట ఎర్రమట్టి తెచ్చి, పిసికి, గోడలు అలికింది మా అత్త. అరవై దాటినంక మోకాళ్లు పోయినయి. ఆ పని చేసే చేతులు ఇంట్ల లేనప్పుడు మట్టిగోడ నిలవది. సిమెంటు గిలాబు చేయించిన పదేండ్ల కింద కూడ ఇంట్ల మాట ఇదే. దాన్ని తెలివితక్కువ పని అనలేం.

చివరికి చేసింది సగం సగం పని. నానిన వెనుక భాగం పూర్తిగ తీసేసి, కొత్త పునాది, పిల్లర్ల మీద రెండు అర్రలు, వంటిల్లు, స్నానాల గది. గచ్చు రోడ్డుకంటె రెండడుగుల ఎత్తుకు లేపిండ్రు. ముందట రెండు అర్రల గోడలు గడ్డపారకు ఆగినయి గాబట్టి ఉంచుకున్నరు. వాటికి సిమెంటు గిలాబు కొట్టేసి సున్నం, మట్టి పూత ఏసిండ్రు, రోడ్డు దిక్కు మోరి తవ్విండ్రు. పెంకలు తియ్యలే. గోడల మీద బరువు పడకుండ వేరే ఇనుప పైపులు నిలవెట్టి, పెంకల మీద ఒక అడుగు జాగ ఇడిసి రేకులు ఏసిండ్రు. కోతులు రేకు మీద దుంకుతయి, పెంక పలగది. రేకు వేడి ఆ జాగల గాలికి పోతది, కింద అర్ర ఉడకది.

పెద్ద బావకు ఇది నచ్చలే. "పైసలు పెట్టేది పెట్టుడే, మళ్ల పాతిల్లేనా" అని నెల రోజులు అత్తతోని సరిగ మాట్లాడలే. ఊర్లె దోస్తులందరు రెండంతస్తులు లేపుతుంటే తనకు ఇజ్జత్ పోతదన్న బాధ. దాన్ని నేను చిన్నగ చూడను. ఊర్లె ఇల్లు మనిషి కంటె ముందు కనిపిస్తది.

కొత్త కట్టడాన్ని పాత మట్టిగోడకు అతికించొద్దు. కొత్త పునాది కొన్నేండ్లు కొద్దికొద్దిగ కుదురుకుంటది, పాతది ఎప్పుడో కుదిరింది. రెండింటిని సలాకతోనో ఇటుకతోనో కట్టేస్తే నడుమ పగులు ఖాయం. వీళ్లు రెండంగుళాల సందు ఇడిసి మీద రేకు తొడుగు పెట్టిండ్రు. దాన్ని చూసినోళ్లందరు "పని సరిగ చెయ్యలే, సందు ఉన్నది" అంటరు. అననియ్యుండ్రి.

తీసిన బంగ్ల పెంకలను ఏం చెయ్యాల్నన్నది ఇంకో పంచాయితి. కేరళల పని చేసిన లారీ బేకర్ అనే ఆర్కిటెక్టు స్లాబ్ కింది భాగంల సలాకల నడుమ ఇసొంటి పెంకలు పెట్టి పోసే పద్ధతిని చాలా ఇండ్లల్ల వాడిండు. స్లాబ్ కింది భాగంల లాగుడు బలాన్ని మోసేది సలాకనే, నడుమ కాంక్రీటు చేసేది తక్కువ. అక్కడ పెంక పెడితే సిమెంటు మిగులుతది, బరువు తగ్గుతది. పొల్ల ఈ మాట తెస్తే మేస్త్రి నేను ఎన్నడు చెయ్యలే, చెయ్య అన్నడు. నాకు ఆయన మాటే సరిగ అనిపించింది. ఇంజనీరు గీసిన నక్ష లేకుండ, చేసి చూసిన చెయ్యి లేకుండ స్లాబ్ మీద ప్రయోగం వద్దు. పలిగిన పెంకలు కొత్త గచ్చు కింద నింపుడుకు పోయినయి.

స్లాబ్ పోసిన రోజు యాటకూర దావత్ జోర్దార్‌గ అయింది గానీ, అసలు కొట్లాట నీళ్ల పైపు దగ్గర అయింది. మాలు పల్సగ ఉంటే పారుతది, పని జల్ది ఒడుస్తది. అందుకని మిక్సర్ దగ్గర పైపు ఇడిసిపెడ్తరు. ఎక్కువైన నీళ్లు తర్వాత ఆవిరైపోతయి, అవి ఉన్న జాగల సన్నటి బొక్కలు మిగుల్తయి, స్లాబ్ బలం తగ్గుతది, వానకు ఉరుస్తది. 50 కిలోల సిమెంటు బస్తాకు 25 లీటర్ల నీళ్లు సుమారు లెక్క, ఇసుక తడిగుంటే ఇంకా తక్కువ. పొల్ల బకెట్టు పట్టుకొని మిక్సర్ పక్కన నిలవడ్డది. "నువ్వు చదివింది ఎన్ని రోజులు, నేను చేసింది ఎన్నేండ్లు" అని మేస్త్రి గరమైండు. చిన్న బావ బిడ్డ దిక్కు నిలవడ్డడు. ఆ రోజు పొద్దుమూకి ఒడవాల్సిన పని రాత్రి తొమ్మిదయింది, దానికి కూలోళ్లకు వేరే పైసలు ఇచ్చిండ్రు. ఇచ్చుడే న్యాయం.

తెల్లారి నుంచి అత్త పని మొదలైంది. స్లాబ్ మీద మట్టితో మడులు గట్టి నీళ్లు నిలవెట్టుడు వరి పండించిన మనిషికి చెప్పాల్సిన పని లేదు. ఇప్పుడు మార్కెట్ల ఎక్కువ దొరికే పీపీసీ సిమెంటుకు కనీసం పది రోజులు తడి ఆరొద్దు, ఎండలు ముదిరితే పద్నాలుగు. సెంట్రింగ్ డబ్బాలోడు కిరాయి దగ్గర తొందర పెడ్తడు. చిన్న అర్రల స్లాబ్ కింద ఏడు రోజులు, పదిహేనడుగులు దాటిన అర్రకు, బీముల కింద పద్నాలుగు రోజులన్నా పోట్లు తియ్యొద్దు. ఇరవై అడుగులకు పైన బీముంటే ఇరవై ఒకటి.

పైసల ముచ్చట. కూలి గుత్త చదరపు అడుగు లెక్కన మాట్లాడుకున్నరు, నోటి మాటనే. సజ్జలు, మెట్లు, సెప్టిక్ ట్యాంకు, పాత గోడ కూల్చుడు గుత్తల ఉన్నట్టా లేనట్టా అని ఎవ్వరు అడగలే. పని నడుమ ఒక్కొక్కటి బయటికి వచ్చింది, వచ్చినప్పుడల్లా వేరే లెక్క. పునాది కాంగనే సగం పైసలు తీసుకున్న మేస్త్రి నెల రోజులు ఇంకో ఊరి పనికి పోయిండు. ఇంటోళ్లు పశువుల కొట్టంల టార్పాలిన్ కింద వండుకున్నరు. ఒక్క తెల్లకాయితం మీద ఏమేం పనులు, ఏ పని అయితే ఎంత ఇచ్చుడు అని రాసుకుని ఇద్దరు సంతకం పెడితే సగం లొల్లి లేకపోవు. సిగ్గుపడే ముచ్చట కాదు, మేస్త్రికి కూడ అదే మంచిది.

నాలుగు లక్షలనుకున్నది ఏడున్నర అయింది. మూడు లక్షలు నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చిండ్రు. అంటే నెలకు ఆరువేలు, ఏడాదికి 72 వేలు, అసలు అట్లనే ఉంటది. చిన్నత్తమ్మకు మహిళా సంఘంల అప్పు వచ్చే తొవ్వ ఉన్నా ముందుగాల ఎవ్వరు అడగలే. దాని మిత్తి ఇందుల సగానికి అటిటుగ ఉంటది. ఇందిరమ్మ ఇండ్ల పథకం కింద 5 లక్షలు వస్తయి గదా అని చాలామంది అడుగుతున్నరు. అది కొత్త ఇల్లు కట్టుకునుడుకు, పాతది బాగుచేసుకునుడుకు కాదు. పైసలు కూడ పని జరిగిన కొద్దీ విడతలుగ వస్తయి, ముందు చేతిల నుంచి పెట్టుకోవాలె. మంజూరు కాయితం చేతికి రాకముందే ఉన్న ఇల్లు కూల్చుకుని కొట్టంల పడొద్దు.

ఇంకో నష్టం ఉన్నది, అది ఏ లెక్కలకు రాదు. పాత ఇండ్లు కూలుతున్నయంటే దర్వాజలు, దూలాలు కొనేటోళ్లు ఆటో ఏసుకుని వస్తరు. వెనుక భాగంల టేకు దర్వాజ, రెండు దూలాలు ఎనిమిదివేలకు అమ్మిండ్రు. కొత్త అర్రకు దర్వాజ కొనవోతే, టేకు కాని కట్టెకే అంతకు మూడింతలు చెప్పిండ్రు. ముందటి అర్రల దూలాలు అడిగితే అత్త ఇయ్యలే.

ఇప్పుడు వంట కొత్త దాంట్ల, పండుకునుడు పాత దాంట్ల. మొన్నటి వానకు నీళ్లు గడప దాటలే. పిట్టగోడ, మెట్లు ఇంకా మిగిలినయి, పత్తి పైసలు వచ్చినంక చూస్తరట. పెద్ద బావ దసరాకు వచ్చి రెండు రాత్రులు ముందటి అర్రలనే పండుకున్నడు.