షేర్ మార్కెట్ వ్యాపారంలో అంచనా, క్రమశిక్షణ: సత్యం ఉదంతం నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం: షేర్ల ధరల గమనాన్ని సరిగా ఊహించగలగడమే వ్యాపార విజయానికి మూలమన్న భావన విస్తృతంగా ఉంది. నష్టపరిమాణాన్ని ముందుగా నిర్ణయించుకొనే క్రమశిక్షణకు అంచనా కంటే ఎక్కువ ప్రాధాన్యం ఎందుకుందో, ఆ క్రమశిక్షణకు గల పరిమితులేమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అంచనా, క్రమశిక్షణ, స్టాప్‌లాస్, మూలధనం, సత్యం కంప్యూటర్స్, సెబీ.

1. ప్రవేశిక

విజయవాడ గుణదల మీదుగా సాగే ఏలూరు కాలువకు ప్రకాశం బ్యారేజీ నుంచి నీరందుతుంది. 1957లో పూర్తయిన ఆ బ్యారేజీని 2024 సెప్టెంబరు తొలివారంలో 11.4 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దాటింది. అంతటి వరద ఏ ఏట వస్తుందో దాని నిర్మాతలు చెప్పలేదు. ఎంత వరదను సాగనంపాలో మాత్రం ముందే లెక్కగట్టారు. రాబోయేదాన్ని ఊహించడం, వచ్చినదాన్ని తట్టుకొనే ఏర్పాటు చేసుకోవడం వేర్వేరు పనులు. మార్కెట్ వ్యాపారానికీ ఈ భేదం వర్తిస్తుంది.

2. అంచనాల సంఖ్య, లాభనష్టాల పరిమాణం

ఒక వ్యాపారి అంచనాలు పదింటిలో ఏడు ఫలించాయనుకుందాం. ఫలించిన ప్రతిసారీ వెయ్యి రూపాయల లాభంతో తృప్తిపడి, తప్పిన ప్రతిసారీ ధర తిరిగివస్తుందన్న ఆశతో మూడు వేలు పోగొట్టుకొంటే, చివరకు అతనికి మిగిలేది 2,000 రూపాయల నష్టం. మరొకరి అంచనాలు నాలుగే ఫలించాయి. అతడు తప్పిన ప్రతిసారీ వెయ్యి వద్దనే బయటపడి, ఫలించినప్పుడు రెండేసి వేలు పొందితే 2,000 రూపాయల లాభం దక్కుతుంది. కనుక ఎన్నిసార్లు సరిగా ఊహించామన్నది ఒక్కటే ఫలితాన్ని నిర్ణయించదు.

3. సత్యం ఉదంతం

హైదరాబాదు కేంద్రంగా ఎదిగిన సత్యం కంప్యూటర్స్ షేరు సెన్సెక్స్‌లో భాగంగా ఉండేది. కార్పొరేట్ పాలనకు గాను ఆ సంస్థకు 2008లో గోల్డెన్ పీకాక్ పురస్కారం లభించింది. 2009 జనవరి 7న అధ్యక్షుడు బి. రామలింగరాజు డైరెక్టర్లకు రాసిన లేఖలో, నగదు, బ్యాంకు నిల్వలుగా చూపిన 5,361 కోట్ల రూపాయలలో 5,040 కోట్లు లేనివేనని అంగీకరించారు. అంతకుముందు రోజు సుమారు 179 రూపాయలున్న షేరు ఆ రోజు 40 రూపాయల సమీపానికి పడిపోయింది. అంచనాకు ఆధారమైన లెక్కలే అబద్ధమైనప్పుడు ఎంత నిశిత విశ్లేషణ అయినా దారి తప్పక మానదు.

ఇక్కడ స్టాప్‌లాస్ బలహీనత కూడా బయటపడుతుంది. కొనేవారు కరవై ధర ఒక్కసారిగా కూలినప్పుడు, నిర్దేశించిన ధరకే అమ్ముడవుతుందన్న హామీ ఉండదు. అందువల్ల ఒక్క షేరులో ఎంత మూలధనం పెట్టాలన్న నిర్ణయమే తొలి రక్షణ. లక్ష రూపాయలూ ఆ ఒక్క షేరులో పెట్టినవారికి సుమారు 22,000 మిగిలేవి. పోయినదాన్ని రాబట్టడానికి మిగిలిన సొమ్ము నాలుగు రెట్లకు పైగా పెరగాలి. ఇరవై వేలే పెట్టినవారికి నష్టం మొత్తం మూలధనంలో పదిహేను శాతం దగ్గర ఆగేది. మోసాన్ని ముందుగా పసిగట్టలేకపోవడంలో ఇద్దరూ సమానులే.

4. క్రమశిక్షణకు పరిమితి

2024 సెప్టెంబరులో సెబీ వెలువరించిన అధ్యయనం ప్రకారం, 2021-22 నుంచి 2023-24 వరకు ఈక్విటీ ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో పాల్గొన్న కోటి మందికి పైగా వ్యక్తులలో 93 శాతం నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. వరుస సంవత్సరాల్లో నష్టాలు వచ్చినా, నష్టపోయినవారిలో 75 శాతానికి పైగా వ్యాపారం కొనసాగించారు. ఎక్కడ ఆగాలో ముందుగా నిర్ణయించుకోకపోవడం దీనికి ఒక కారణం కావచ్చు.

అయితే క్రమశిక్షణ తనంతట తాను లాభాన్ని సృష్టించదు. బ్రోకరేజి, పన్నులు, రుసుములు ప్రతి లావాదేవీలోనూ మూలధనాన్ని తగ్గిస్తూ ఉంటాయి. సగటున నష్టమిచ్చే పద్ధతిని నియమబద్ధంగా పాటిస్తే నష్టమూ నియమబద్ధంగానే వస్తుంది. అటువంటి సందర్భంలో వ్యాపారం మానుకోవడమే సరైన క్రమశిక్షణ.

5. ఉపసంహారం

అంచనా అనవసరం కాదు; ఏ షేరును పరిశీలించాలో అది సూచిస్తుంది. ఎంత పెట్టాలి, ఎక్కడ ఆగాలి అన్నవాటిని క్రమశిక్షణ నిర్ణయిస్తుంది. వాణిజ్యశాస్త్ర బోధనలో ధరల విశ్లేషణకు ఇస్తున్న స్థానాన్ని నష్టపరిమాణ గణనకు కూడా ఇవ్వడం అవసరం. మార్కెట్లోకి అడుగుపెట్టే విద్యార్థి మొదట వేసుకోవలసిన ప్రశ్న ధర ఎటు వెళుతుందన్నది కాదు. తన ఊహ తప్పితే చేతిలో ఎంత మిగులుతుందన్నది.