విమ్ ఎడిటరు: పుట్టుపూర్వోత్తరములు

అనకాపల్లిలోనో, ఆ చుట్టుపట్ల ఏ పల్లెలోనో పెరిగి, ఇంజనీరింగు కళాశాలలో అడుగిడిన విద్యార్థికి లినక్సు పాఠములలో తొలి పరాభవము సాధారణముగా ఒక్కచోటనే ఎదురగును. నల్లని తెరపై విమ్ అను ఎడిటరును తెరచి, ఒక అక్షరమును నొక్కగా అది తెరపై పడక కర్సరు ఎటో జరుగును. మరియొకటి నొక్కగా ఉన్న వాక్యమే మాయమగును. విసిగి బయటపడఁజూచిన త్రోవ కానరాదు. ఈ వింత నడవడి ఎవరి పెంకితనమువలనను కలిగినది కాదు. దాని ప్రతి అలవాటునకును ఒక కారణము కలదు. ఆ కారణములన్నియు అర్ధశతాబ్దికి పూర్వపు యంత్రముల పేదరికములో నున్నవి. వాని నెఱిగినవానికి ఈ విద్య సగము పట్టుబడినట్లే యని నా నిశ్చితాభిప్రాయము.

1969వ సంవత్సరమున, అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్ అను ఇంజనీరు యూనిక్సు అను నూతన వ్యవస్థను నిర్మించుచుండెను. అది నిలువఁద్రొక్కుకొనుటకు ఎడిటరు, అసెంబ్లరు, కెర్నెలు అను మూడును ఇంకను కొఱవడియుండగా, అతని భార్య పసిబిడ్డతో అత్తవారింటికి కాలిఫోర్నియా వెళ్లిన మూడు వారములలో, వారమున కొకటి చొప్పున ఆ మూడింటిని అతడు వ్రాసి ముగించెను. అందలి ఎడిటరు పేరు ఈడీ. ఆనాడు దానిని వాడినది తెరపై కాదు. టెలిటైపు అను యంత్రము సెకనునకు పది అక్షరముల వంతున కాగితపు చుట్టపై టకటక ముద్రించుచుండగా, ఒక్కొక్క మాటకును కాలము, కాగితము రెండును వ్యయమగుచుండెను. అందుచేతనే ఈడీ మితభాషిణి యయ్యెను. దానికి తెలియని ఆజ్ఞ నిచ్చినచో అది ఒక్క ప్రశ్నార్థకమును ముద్రించి ఊరకుండును. తప్పేదో వెదకికొను భారము మనదే.

1976లో లండను నగరమందలి క్వీన్ మేరీ కళాశాల అధ్యాపకుడు జార్జ్ కులూరిస్, ఈడీ సామాన్యమానవులకు కొఱుకుడుపడదని తలచి, ఒక్క పంక్తినైనను తెరపై చూచుచు దిద్దుకొనఁగల ఎడిటరునొకదానిని నిర్మించి, దానిని బర్క్‌లీ విశ్వవిద్యాలయమునకు తెచ్చెను. దానిని చూచిన బిల్ జాయ్ అను విద్యార్థి మొదట ఎక్స్ అను ఎడిటరును, అందుండి పుట మొత్తము తెరపై కనఁబడునట్లు వీఐ అను రూపమును వెలయించెను. అతడు ఇంటినుండి టెలిఫోను తీగ ద్వారా పనిచేయు మోడెము వేగము 300 బాడ్, అనగా సెకనునకు సుమారు 30 అక్షరములు. తెరపై 24 పంక్తులు, పంక్తికి 80 అక్షరములు, మొత్తము 1920. తెరను ఒకమారు పూర్తిగా తిరిగి వ్రాయుటకు అరువదినాలుగు సెకనులు పట్టుననుట! ఇట్టి స్థితిలో మనిషి చేయి ముందు, తెర వెనుక. కనుకనే ఆజ్ఞలన్నియు ఒకటి రెండు అక్షరములకు కుదించుకొనిపోయినవి. డి, డబ్ల్యూ యనిన ఒక పదము పోవును. డి, డి యనిన పంక్తియే పోవును. యు యనిన పోయినది తిరిగివచ్చును.

అక్షరములే ఆజ్ఞలైనపుడు అక్షరములను వ్రాయు టెట్లు? అందుకు రెండు స్థితు లేర్పడినవి. ఐ నొక్కిన వ్రాతస్థితి, ఎస్కేప్ నొక్కిన ఆజ్ఞాస్థితి. జాయ్ వాడిన ఏడీఎమ్-3ఏ అను టెర్మినలు మీటలపై బాణపు గుర్తులు హెచ్, జె, కె, ఎల్ అక్షరములపైననే ముద్రింపఁబడి యుండెను. నేటికిని ఆ నాలుగే కర్సరును నడపుచున్నవి. ఎస్కేప్ మీట నేడు ట్యాబ్ ఉన్న తావున, చిటికెనవ్రేలి కందుబాటులో నుండెను. ఇక బయటపడు మార్గము: ఎస్కేప్, కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకము, ఎంటర్.

డచ్చి దేశీయుడు బ్రామ్ మోలెనార్ తన అమీగా కంప్యూటరుపై వీఐకి అనుకరణముగా నారంభించి, 1991 నవంబరులో లోకమున కర్పించినదే విమ్. దానిని వాడువారు ధన మీయఁదలచినచో ఉగాండాలోని కిబాలె అనాథబాలల కీయుడని అతడు కోరెను. 2023 ఆగస్టు 3న మరణించువరకు దానిని పోషించుచునే యుండెను.

తెలుగువానికి ముఖ్యమగు ఘట్ట మిక ముందున్నది. 1990ల తొలినాళ్లలో తెర మీద తెలుగు వ్రాయుట సులభము కాదు. రైస్ విశ్వవిద్యాలయమునందలి తెలుగువారు ఇంగ్లీషు అక్షరములతోనే తెలుగు వ్రాయు ఆర్‌టీఎస్ పద్ధతిని కూర్చి ఆ కొఱత తీర్చుకొనిరి. 1992 సెప్టెంబరులో, ఈడీని వ్రాసిన ఆ థాంప్సనే, రాబ్ పైక్‌తో కలిసి న్యూజెర్సీలోని ఒక భోజనశాలలో, పళ్లెము క్రింది కాగితముపై, యూనికోడు అను సర్వలిపి సంకేతములను నిలువచేయు యూటీఎఫ్-8 అను పద్ధతిని రచించెను. దానిలో పాత ఇంగ్లీషు సంకేతములు చెక్కుచెదరవు. ఇతర లిపుల అక్షరభాగములన్నియు 128, లేదా అంతకు పైబడిన సంఖ్యలే. కావున పాత ప్రోగ్రాములు ఏ తెలుగు అక్షరమునందలి ముక్కనో ఇంగ్లీషు గుర్తుగా భ్రమపడవు. ‘అ’ యనునది 224, 176, 133 అను మూడు సంఖ్యలుగా నిలువయుండును.

ఇప్పుడు విమ్‌లో ‘అనకాపల్లి’ యని వ్రాసి చూడుడు. మన కంటికి అక్షరము లైదు. యూనికోడు గుర్తులు తొమ్మిది. నిలువలో బైట్లు ఇరువదియేడు. విమ్ లెక్కలో మాత్రము ఆరు గళ్లు, ఏలననగా గుణింతమును, పొల్లును ముందటి హల్లుతో చేర్చుకొనును గాని, పొల్లు తరువాతి హల్లును ఒత్తుగా గుర్తింపదు. ‘ల్లి’ పై కర్సరు నుంచి ఎక్స్ మీటను నొక్కినచో పోవునది ‘ల్’ మాత్రమే, మిగులునది ‘అనకాపలి’. గుణింతమొక్కటే తుడువఁదలచినవారు డెల్‌కంబైన్ అను ఏర్పాటును పెట్టుకొనవలెను. తెలుగు కీమ్యాపును, అనగా మీటల కూర్పును, అమర్చుకొన్నచో వ్రాతస్థితిలో తెలుగును, ఆజ్ఞాస్థితిలో ఇంగ్లీషును వానియంతట అవియే వచ్చును. ఇది లేక తెలుగు వ్రాయఁబోయినవారే విమ్‌ను తిట్టుదురు. బెల్లపు లెక్కల ఫైలులో వేయి పంక్తులయందు ఊరిపేరు ‘అనకాపలి’ యని పడినను భయము లేదు: కోలన్, శాతపు గుర్తు, ఎస్, వాలుగీత, తప్పు, వాలుగీత, ఒప్పు, వాలుగీత, జి. ఒక్క ఎంటరుతో ఊరికి ఒత్తు తిరిగివచ్చును. ఈ ఎస్ ఆజ్ఞ ఈడీ కాలమునాటిది, తీరు మారలేదు.

విద్యార్థులారా, విమ్‌ట్యూటర్ అను పాఠము ఎడిటరుతోనే వచ్చును, అరగంటలో ముగియును, దానితో మొదలిడుడు. పిదప అభ్యాసమునకు తెలుగు వచనమునే తీసికొనుడు. ఒత్తు చెదరిన తావున, గడి తప్పిన తావున, ఆ దోషమును వివరముగా వ్రాసి విమ్ నిర్వాహకులకు పంపుడు. విమ్ మూలము ఎల్లరికిని తెరచియున్నది. ‘ల్లి’ని ఒక్క అక్షరముగా నెంచు భాగమును మనవారే వ్రాసి పంపవచ్చును.