మూగవోయిన విమానం

ఆకాశంలో పోతున్న చిన్న విమానంలో రేడియో హఠాత్తుగా మూగవోయిందనుకుందాం. నేలమీద ఉండి ఈ మాట విన్నవారికి తోచేది ఒక్కటే: ఇక ఆ విమానం దక్కదని. విమానం నడపడం నేర్చుకొనే కొత్తవారిలో కూడ ఈ భయం లేకపోలేదు. కాని విమానాన్ని పైన నిలిపేది రెక్కల మీదుగా సాగే గాలి; దానికి రేడియోతో నిమిత్తం లేదు. సెస్నా, పైపర్ వంటి రెండు నాలుగు సీట్ల విమానాలలో చాలవాటికి ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే పని కూడ బాటరీది కాదు. ఇంజను తిరుగుతున్నంతసేపు తమంత తామే విద్యుత్తును పుట్టించుకొనే మాగ్నెటోలు అందుకు జంటగా అమర్చి ఉంటాయి. ఒకటి చెడితే రెండవది ఆదుకొంటుంది. వేగాన్ని, ఎత్తును తెలిపే పాతకాలపు ముళ్ళు గాలి ఒత్తిడిని బట్టి కదులుతాయి. దిక్సూచికి తన అయస్కాంతం చాలు. అంటే, విద్యుత్తు సమూలంగా పోయినా, పగటివేళ, మబ్బులు లేనిచోట, అటువంటి విమానం నిశ్చింతగా ఎగురుతూనే ఉంటుంది.

అసలు రేడియో లేకుండానే మహాయాత్రలు సాగిన రోజులున్నాయి. 1927లో లిండ్‌బర్గ్ న్యూయార్కు నుంచి పారిస్‌కు ఒంటరిగా అట్లాంటిక్ సముద్రాన్ని దాటినప్పుడు, బరువు ఎంత తగ్గితే అంత పెట్రోలు పట్టుతుందని లెక్కకట్టి, రేడియోను వెంట తీసుకొనిపోలేదు. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి తపాలా సంచులు తెచ్చిన పుస్ మాత్ విమానంలోను రేడియో లేదు. ఆ తపాలాను అక్కడినుంచి బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చినవాడు ఆయన సహచరుడు నెవిల్ విన్సెంట్. నదులు, రైలుపట్టాలు, కొండలు – ఇవే ఆనాటి వైమానికులకు దారి గుర్తులు.

మరి నేడు రేడియో పోతే పోయేదేమిటి? ఆనాటి ఆకాశం ఖాళీగా ఉండేది. నేడు ఒక్క విమానాశ్రయం చుట్టూ ఒకే వేళ అనేక విమానాలు తిరుగుతూ ఉంటాయి. ఎవరు ముందు దిగాలి, ఎవరు ఏ ఎత్తున ఆగాలి అనే నిర్ణయమంతా మాటమీద నడుస్తుంది. ఆ మాట తెగిపోయినప్పుడు చిక్కు యంత్రంలో ఉండదు. అవతలివాడు ఏమి చేయబోతున్నాడో ఇవతలివానికి తెలియకపోవడంలో ఉంటుంది. కనుక మౌనం వచ్చిపడినప్పుడు ఏమి చేయాలో, మాట నడుస్తున్న రోజులలోనే ఇరుపక్షాలవారు కుదుర్చుకొని ఉండాలి. అట్లా కుదుర్చుకొనకపోతే ఎంత అనర్థం జరుగుతుందో తెలుసుకొనడానికి అమీలియా ఇయర్‌హార్ట్ కథను మించిన ఉదాహరణ లేదు.

అట్లాంటిక్‌ను విమానంలో ఒంటరిగా దాటిన మొదటి స్త్రీగా 1932లోనే ఆమె లోకప్రసిద్ధి గడించింది. 1937లో భూమధ్యరేఖ వెంబడి ప్రపంచాన్ని చుట్టి రావాలని సంకల్పించి, రెండు ఇంజనుల లాక్‌హీడ్ ఎలెక్ట్రా విమానంలో బయలుదేరింది. నేటి లెక్కకు అది చిన్న విమానమే. వెంట ఉన్నవాడు ఒక్కడే, దారి లెక్కకట్టడంలో పేరుపొందిన ఫ్రెడ్ నూనన్. జూన్ మాసంలో వారు కరాచీ, కలకత్తాల మీదుగా పోయారు. జూలై 2న న్యూగినీలోని లే పట్టణం నుంచి పసిఫిక్ మహాసముద్రంలోని హౌలండ్ దీవికి బయలుదేరారు. దూరం సుమారు 2,550 మైళ్ళు. చేరవలసిన దీవి పొడవు రెండు మైళ్ళైనా లేదు. ఎత్తు ఇరవై అడుగుల ప్రాంతం. అంత దూరం నుంచి నక్షత్రాలను చూచి లెక్కకట్టి వచ్చినా, చివరి కొద్ది మైళ్ళు రేడియో చేయిపట్టి నడిపిస్తే తప్ప అటువంటి దీవి కంటబడడం కష్టం. అందుకనే అమెరికా తీరరక్షక దళానికి చెందిన ఇటాస్కా అనే ఓడ ఆ దీవి దగ్గర కాచుకొని ఉన్నది.

ఇక్కడే చిక్కు పడింది. రేడియో తరంగాలు వచ్చే దిక్కును కనిపెట్టే సాధనం ఓడలోను ఉన్నది, విమానంలోను ఉన్నది. ఓడవారు తమ సంకేతాలను పట్టుకొని ఆమే దిక్కు తెలుసుకొంటుందనుకొన్నారు. తాను మాట్లాడుతుంటే ఓడవారే దిక్కు కనిపెట్టి చెబుతారని ఆమె అనుకొన్నది. ఓడలోని సాధనం తక్కువ పౌనఃపున్యాలకు పనికివచ్చేది. ఆమె మాట్లాడినది 3105 కిలోసైకిళ్ళ మీద. ఆ ఓడలోని గడియారం గ్రీనిచ్ కాలానికి పదకొండున్నర గంటలు వెనుక. ఆమె గడియారం గ్రీనిచ్ కాలమే. దానితో ఒకరు పలకవలసిన వేళకు, మరొకరు వినవలసిన వేళకు అరగంట తేడా వచ్చే అవకాశం ఏర్పడింది. ఓడలోని ఆపరేటర్లకు చేతివాటమైన మోర్సు సంకేతాలలో ఆమెకుగాని, నూనన్‌కుగాని తగినంత పాటవం లేదు. ఇవన్నీ విడివిడిగా చిన్న విషయాలే. ఒక గంట కూర్చుని ఇరుపక్షాలు మాట్లాడుకొని ఉంటే తీరిపోయేవే. లేలో బయలుదేరడానికి ముందు రోజు చేసిన పరీక్షలో కూడ దిక్కు కనిపెట్టే సాధనం సరిగా పనిచేయలేదు. స్టేషను మరీ దగ్గరగా ఉన్నందువల్ల అట్లా అయిందని ఆమె సరిపెట్టుకొన్నది.

తెల్లవారిన తరువాత ఆమె గొంతు ఓడలో చాల బిగ్గరగా వినబడింది. ఓడమీదికే వచ్చి ఉండాలి, కాని ఓడ కనబడడం లేదు, పెట్రోలు తగ్గిపోతున్నది, రేడియోలో అందుకొనలేకపోతున్నాను, వేయి అడుగుల ఎత్తున ఉన్నాను – ఇదీ ఆమె పంపిన వార్త సారాంశం. అప్పుడు ఓడలో గడియారం 7 గంటల 42 నిమిషాలు. ఓడవారు పిలుస్తూనే ఉన్నారు. ఆ పిలుపులు ఆమె చెవిని పడడం లేదు. కొంతసేపటికి 7500 కిలోసైకిళ్ళ మీద సంకేతాలు పంపమని తానే అడిగింది, పంపారు, వినబడ్డాయని చెప్పింది, కాని వాటి దిక్కు తెలియలేదన్నది. ఆమె సాధనం దిక్కు పసికట్టడానికి ఆ తరంగాలు తగినవి కావు. ఓడ మాట ఆమెకు చేరినట్లు తెలిసినది ఆ ఒక్కసారే. 8 గంటల 43 నిమిషాలకు, ఫలానా రేఖమీద ఉత్తర దక్షిణాలుగా ఎగురుతున్నామని చెప్పింది. అదే కడపటి వార్త. అమెరికా నౌకాదళం రెండు వారాలకు పైగా గాలించినా ఫలితం లేకపోయింది. ఆమె ఏమైనదన్న విషయమై పుట్టిన ఊహాగానాలు ఒక చిన్న గ్రంథాలయానికి సరిపడేటన్ని. వాటి జోలికి ఇక్కడ పోనక్కరలేదు.

నేటి వైమానిక నియమాలు తయారైనది ఆమె ఒక్కతె కారణంగా కాదు. అయినా ఆ నియమాలను చదివినప్పుడు, ఆనాడు కొరవడినదేమిటో స్పష్టంగా కనిపిస్తుంది. మొట్టమొదటి సూత్రం అన్ని దేశాల శిక్షకులు చెప్పేదే: ముందు విమానాన్ని నడుపు, తరువాత దారి చూచుకో, ఆ తరువాతనే మాట. పెట్టె ఎందుకు పలకడం లేదా అని తల వంచి మీటలు తిప్పుతూ, విమానం ఒక పక్కకు ఒరిగిపోతున్నా గమనించకపోవడం రేడియో పోవడంకంటే పెద్ద ముప్పు. విమానం నిలకడగా ఉన్నదని చూచుకొన్న తరువాతనే కారణం వెదకాలి. ఆ కారణం పలుమార్లు నవ్వు తెప్పించేంత అల్పంగా ఉంటుంది: శబ్దం తగ్గించే బొత్తాం మోచేయి తగిలి తిరిగిపోవడం, చెవులకు పెట్టుకొనే హెడ్‌సెట్టు తీగ సగం ఊడిరావడం, అంకెలలో ఒకటి తప్పు తిప్పడం. మాట్లాడేటప్పుడు నొక్కే మీట నొక్కుకొనే ఉండిపోవడం మరీ చెడ్డది. అప్పుడు ఆ పైలటు ఒక్కడే కాదు, ఆ పౌనఃపున్యం మీద ఉన్నవారందరూ మూగవారవుతారు!

విద్యుత్తు పుట్టించే ఆల్టర్నేటరు ఆగిపోతే సంగతి వేరు. అప్పుడు బాటరీలో నిలవ ఉన్నదే ఆస్తి. అవసరంలేని దీపాలను, పరికరాలను ఆర్పివేసి, ఆ నిలవను దిగేవేళకు పొదుపు చేసుకోవాలి. ముళ్ళకు బదులు విద్యుత్ తెరలున్న కొత్త విమానాలలో ఈ పొదుపు మరింత ముఖ్యం. ఆ బలం ఉండగానే చేయవలసిన పని ఒకటి ఉన్నది. రాడారుకు జవాబిచ్చే ట్రాన్స్‌పాండరు అనే పరికరంలో 7600 అనే అంకె పెట్టాలి. నేలమీద రాడారు తెర ముందు కూర్చున్నవానికి ఆ అంకె కనిపించగానే, ఫలానా విమానం మాట పోగొట్టుకొన్నదని అర్థమవుతుంది. ఏ దేశంవాడైనా ఆ అంకెకు అర్థం ఒక్కటే. వినబడకపోయినా తన మాట పైకి పోతున్నదేమోనన్న ఆశతో, తానెక్కడ ఉన్నదీ, ఏమి చేయబోతున్నదీ గాలిలోకి చెబుతూనే ఉండాలి.

వాతావరణం నిర్మలంగా ఉంటే, దాన్ని వదలకుండా పోయి, తగిన విమానాశ్రయంలో దిగాలి. అంటే కంటబడిన మొదటి పొలంలో దిగమని కాదు. మబ్బులలో చిక్కుకొన్న వాడి పని సున్నితమైనది. అంతర్జాతీయ నియమం ప్రకారం, చివరిసారి ఒప్పుకొన్న ఎత్తును, వేగాన్ని రాడారు ఉన్నచోట 7 నిమిషాలు, లేనిచోట 20 నిమిషాలు మార్చకూడదు. ఆ గడువులో కంట్రోలరు చుట్టుపక్కల విమానాలను తప్పిస్తాడు. తరువాత, బయలుదేరేముందు వ్రాసి ఇచ్చిన పథకం ప్రకారమే పోవాలి. వస్తానన్న వేళకు అరగంటలోపల దిగడానికి ప్రయత్నించాలి. పైలటుకు మధ్యలో ఎంత మంచి ఉపాయం తోచినా, అవతలివాడు ఊహించలేని ఉపాయం ఇక్కడ పనికిరాదు. అమెరికా నియమంలోను సారాంశం ఇదే; దారి, ఎత్తు, వేళ ఎట్లా నిర్ణయించుకోవాలో అది మరికొంత విడమరచి చెబుతుంది.

విమానాశ్రయం చేరిన తరువాత రంగంలోకి వచ్చేది కంప్యూటరు యుగంలో కూడ ఒక దీపమే. కంట్రోల్ టవరులో తుపాకివలె గురిపెట్టే దీపం ఒకటి సిద్ధంగా ఉంటుంది. పైలటు ముందుగా పైనుంచి చూచి, తక్కిన విమానాలు ఏ వరుసలో తిరుగుతున్నవో గ్రహించి, ఆ వరుసలో కలిసి, టవరు మీద చూపు నిలుపుతాడు. కదలని ఆకుపచ్చ కాంతి కనిపిస్తే దిగవచ్చు. ఆకుపచ్చ మిణుకుమిణుకుమంటే తిరిగి వచ్చి దిగడానికి సిద్ధపడాలి. అసలు అనుమతి తరువాత వస్తుంది. కదలని ఎరుపు అయితే ఇతరులకు దారి విడిచి చుట్టూ తిరుగుతూ ఉండాలి. ఎరుపు మిణుకుమంటే ఆ విమానాశ్రయం క్షేమం కాదు, దిగరాదని అర్థం. చూచినట్లు జవాబు చెప్పడానికి పగలైతే రెక్కలను ఇటూ అటూ ఊపుతాడు. రాత్రయితే ముందు దీపాన్ని రెండుసార్లు వెలిగించి ఆర్పుతాడు. ఎదురెండలో ఆ కాంతిని పట్టుకొనడం తేలిక కాదు. అందుకే మంచి శిక్షకులు, రేడియో బాగున్నరోజునే టవరువారిని అడిగి, ఆ దీపాన్ని శిష్యులకు ఒకసారి చూపిస్తారు.

చక్రాలు నేల తాకినంతమాత్రాన పని తీరదు. ఎక్కడో వేరేచోట దిగిన పైలటు వెంటనే టెలిఫోను చేసి, క్షేమంగా దిగినట్లు తెలియజేయాలి. చేరవలసిన వేళ దాటి అరగంట గడిచినా కబురు లేకపోతే నేలమీదివారు ఆరా తీయడం మొదలుపెడతారు. అట్లా ఫోను చేసి తిరిగి విమానం దగ్గరకు వచ్చేసరికి, మెకానిక్కు హెడ్‌సెట్టు తీగను అర అంగుళం లోపలికి నొక్కి, రేడియో పలికించి కూర్చోవడం కూడ కద్దు.