గ్రీజు బెల్టు పరీక్షలో స్థాన సంవేదిక స్కేలింగు సవరణ

విత్తన యంత్రాన్ని పొలానికి పంపే ముందు గింజలు ఎంతెంత దూరంలో పడుతున్నాయో గ్రీజు పూసిన బెల్టుపై పరీక్షించడం ప్రయోగశాలల్లో స్థిరపడిన పద్ధతి. ఇక్కడ బెల్టే కదిలే నేల. బెల్టును, విత్తన పళ్ళేన్ని వేర్వేరు మోటార్లతో తిప్పుతూ, రెండింటినీ ఒకే మోషన్ కంట్రోలరుతో అనుసంధానిస్తే పరీక్ష సులభమవుతుంది. సికింద్రాబాదు రాణిగంజ్ దుకాణాల్లో దొరికే మోటార్లు, బేరింగులు, బెల్టులతో కళాశాల వర్క్‌షాపులోనే ఇటువంటి పరికరాన్ని నిర్మించుకోవచ్చు. అయితే కంట్రోలరుకు మిల్లీమీటరు తెలియదు; ఎన్‌కోడరు పంపే కౌంటులే తెలుసు. ఎన్ని కౌంటులు ఒక మిల్లీమీటరుకు సమానమో మనమే చెప్పాలి. ఈ నిష్పత్తినే స్కేలింగు అంటారు.

చుట్టుకు 1,000 గీతలున్న ఎన్‌కోడరును 100 మి.మీ. వ్యాసం గల రోలరు ఇరుసుకు బిగించామనుకుందాము. రెండు సంకేతాల అంచులన్నీ లెక్కిస్తే చుట్టుకు 4,000 కౌంటులు వస్తాయి. రోలరు చుట్టుకొలత 314.16 మి.మీ. కనుక మిల్లీమీటరుకు 12.73 కౌంటులని విద్యార్థి నమోదు చేస్తాడు. గణితంలో లోపం లేదు, కాని ఫలితం తప్పు. బెల్టు మందం 4 మి.మీ. అయితే, దాని మధ్య పొర సుమారు 104 మి.మీ. వ్యాసంపై తిరుగుతుంది. చుట్టుకు బెల్టు 326.7 మి.మీ. జరుగుతుంది. అంటే 4 శాతం తేడా.

ఈ తేడా ఎక్కడికి దారి తీస్తుందో చూడాలి. మొక్కజొన్నకు 60 × 20 సెం.మీ. దూరం నిర్ణయించి, బెల్టు 200 మి.మీ. కదిలినప్పుడల్లా ఒక గింజ పడేలా కంట్రోలరును అమర్చాము. టేపుతో కొలిస్తే గ్రీజుపై దూరం 208 మి.మీ. వచ్చింది. పరీక్షకుడు పళ్ళేన్ని అనుమానించి దాని వేగాన్ని 4 శాతం పెంచుతాడు. తప్పు బెల్టుది, శిక్ష పళ్ళేనికి! బెల్టుపై అంతా సరిపోతుంది. అదే అమరికతో పొలంలో మాత్రం గింజలు 192 మి.మీ.కే పడతాయి. హెక్టారుకు 83,333 బదులు దాదాపు 86,700 గింజలు. తేమ తక్కువగా ఉండే వర్షాధార చల్కా నేలల్లో ఈ అదనపు మొక్కలు రైతుకు విత్తన ఖర్చు మాత్రమే కాదు, నీటికి పోటీ కూడా.

ఐఎస్ఓ 7256-1 ప్రమాణం ప్రకారం నిర్ణీత దూరంలో సగానికి లోపు పడినవి జంట గింజలు, ఒకటిన్నర రెట్లు మించితే ఖాళీలు. నాలుగు శాతం స్కేలింగు దోషం ఈ రెండు సూచికలను దాదాపు కదిలించదు. కాబట్టి సూచికలు బాగున్నంత మాత్రాన స్కేలింగు సరైనదని నమ్మరాదు.

మందం కలిపి లెక్కించడం కూడా అంచనాయే. బెల్టులో నూలు పొర ఎక్కడుందో బయటికి కనిపించదు. కొలవడమే మార్గం. పని బిగువులో ఉన్న బెల్టు పూర్తి పొడవును స్టీలు టేపుతో మూడుసార్లు కొలిచి సగటు తీసుకోవాలి. అంచున సన్నని రంగు గీత, చట్రంపై స్థిరమైన సూచిక ఉంచి, ఒకే దిశలో నెమ్మదిగా పది చుట్లు తిప్పాలి. 12 మీటర్ల బెల్టుకు 14,69,100 కౌంటులు వచ్చాయనుకుంటే, 1,20,000 మి.మీ.తో భాగించగా 12.2425 వస్తుంది. చుట్లు పెంచితే గీతను చదవడంలో దోషం పలచబడుతుంది. టేపు దోషం మాత్రం తగ్గదు. అందుకే టేపు విషయంలో శ్రద్ధ అవసరం.

ఈ విలువను 12.24గా కుదిస్తే పది చుట్లలో 25 మి.మీ. తేడా చేరుతుంది. కంట్రోలరు అనుమతిస్తే 14,691 : 1,200 అని పూర్ణాంకాల నిష్పత్తిగానే ఇవ్వడం మేలు. స్కేలింగు మార్చిన తరువాత వేగం, త్వరణం, అనుసరణ దోష పరిమితులను తిరిగి పరిశీలించాలి. కొన్ని కంట్రోలర్లలో నియంత్రణ గుణకాలు కూడా ఇదే ప్రమాణంపై ఆధారపడతాయి. కౌంటుల నుండి మిల్లీమీటర్లకు మారినప్పుడు వాటిని సవరించకపోతే మోటారు ఊగిపోవచ్చు. మొదటి పరుగు అతి తక్కువ వేగంలో, బెల్టుకు దూరంగా నిలబడి, అత్యవసర స్విచ్‌పై చేయి ఉంచి చేయాలి.

చివరగా ఎదురు దిశలోనూ, పని వేగంలోనూ కొలతను మళ్ళీ చేయాలి. వేగంతో పాటు విలువ మారుతుంటే బెల్టు రోలరుపై జారుతున్నదని అర్థం. అప్పుడు ఎన్‌కోడరును మోటారు తిప్పే రోలరు నుండి తీసి, స్వేచ్ఛగా తిరిగే రోలరుకు మార్చి, కొలత మొదటి నుండి ఆరంభించాలి.